దొంగ కొమ్మలు

మా దివిసీమలో బత్తాయి పండు తినాలంటే ముందు జ్వరం రావాలి. మామూలు జ్వరం చాలదు, బందరు తీసుకెళ్ళి ఆసుపత్రిలో మంచం ఎక్కించేంత జ్వరం రావాలి. అప్పుడు చుట్టాలు ఒక బ్రెడ్డు ప్యాకెట్టూ అరడజను బత్తాయిలూ పట్టుకుని చూడ్డానికి వస్తారు. ఎవరి చేతిసంచిలోనైనా బత్తాయిలు కనబడితే "అయ్యో, ఎవరికి బాలేదు?" అని ఆరా తీసే ఊరు మాది. అలాంటి ఊళ్ళో మా అమ్మకి టైఫాయిడ్ వచ్చి, పదిరోజుల పాటు పూటకో గ్లాసు బత్తాయి రసం తాగింది. ఇక అన్నం పెట్టొచ్చని డాక్టరుగారు చెప్పగానే నాన్నా నేనూ ఊపిరి పీల్చుకున్నాం. అమ్మ మాత్రం మొహం వేలాడేసుకుంది. ఇంటికొచ్చే బస్సులో నా చెవి దగ్గర నోరు పెట్టి, "జొరం లేకుండా బత్తాయి తినాలనుందే," అంది.

నేను బస్సంతా వినబడేలా నవ్వాను. నవ్వొచ్చినా కోపమొచ్చినా దాచుకోవడం నాకు చేతకాదు, ఇప్పటికీ అంతే. అమ్మ నా తొడ మీద గిల్లింది. అయినా నవ్వుతూనే ఉన్నాను. ఆ ఒక్క కోరిక మీద మా ఇంట్లో మూడేళ్ళు యుద్ధం నడుస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

అమ్మ పేరు మీద అరెకరం మెరక ఉంది. మెరకంటే కాలవ నీళ్ళు ఎక్కని ఎత్తు నేల. మా తాతగారు ఆవిడకి పసుపు కుంకుమల కింద రాసిచ్చారు. అక్కడ అమ్మ గోంగూరో, వంగో, కందో, ఎప్పుడూ ఏదో ఒకటి వేసేది. నాన్నకి మొదట్నుంచీ దాని మీద చిన్నచూపు. వరి పండని చోటు ఆయన దృష్టిలో నేలే కాదు. తొంభైల్లో మా వైపు రొయ్యల చెరువుల పిచ్చి పట్టుకుంది. నిన్న వరి కోసిన చేలో ఇవాళ గట్టు లేచేది. మెరకని ఆనుకుని ఉన్న రెండు చేలూ చెరువులైపోయాయి. కైకలూరు వైపు నుంచి ఒక లీజు ఆయన మోటారు సైకిలు మీద వారం వారం వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. ఈ మెరక కూడా కలిస్తే చెరువు నలుచదరంగా వస్తుందండీ అని నాన్న బుర్ర తినేవాడు. నాన్నకి ఆ నలుచదరం బాగా నచ్చింది. కానీ నేల అమ్మది, సంతకం అమ్మ పెట్టాలి.

"నేను పెట్టను," అంది అమ్మ, నాన్న కంచంలో చారు పోస్తూ. "నా మెరకలో బత్తాయి తోట వేస్తాను."

"బత్తాయి తోటా? సముద్రం పక్కనా? మా ముత్తాత దగ్గర్నుంచీ ఇక్కడ ఎవడన్నా వేశాడా?"

"మీ ముత్తాత రొయ్యలు పెంచాడా?"

నాన్న చారన్నం కలపడం ఆపేశాడు. నేను వంటింట్లోకి పరుగెత్తి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఎదురుమాట పడని మనిషి. మంచికైనా చెడుకైనా ఉన్నదున్నట్టు అనేసే మనిషి కూడా. పెళ్ళిభోజనంలో పప్పులో ఉప్పు తక్కువైతే పెళ్ళికొడుకు తండ్రి ఎదురుగానే ఆ మాట అన్నాడు. ముఖప్రీతికి ఒక్క ముక్క ఆయన నోట్లోంచి రాదు.

"సరే, మూడేళ్ళిస్తున్నా," అన్నాడు చివరికి. "మూడో ఏడు తిరిగేలోపు నీ మెరకలో తియ్యటి పండు పండి నా నోట్లో పడిందా, ఇక జన్మలో దాని పేరెత్తను. పడలేదా, చెరువే."

"పడకపోతే మీరు అడగక్కర్లేదు. నేనే కాయితం తెమ్మంటాను," అంది అమ్మ.

అది వేసవి ముందు. నేను గుడివాడలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాను, బాటనీ నా సబ్జెక్టు. అంటు కట్టడం గురించి పది మార్కుల ప్రశ్న వస్తే బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, పైదాన్ని సయాన్ అనీ కిందదాన్ని స్టాక్ అనీ రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్నదాన్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేనెంత తెలివైనదాన్నో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆఖరి పరీక్ష రోజున నన్ను తీసుకెళ్ళడానికి అమ్మ గుడివాడ వచ్చింది. నా పెట్టె సంగతి పక్కనబెట్టి, బస్టాండు రోడ్డులో పూలమొక్కలూ పళ్ళమొక్కలూ పరిచి అమ్మే నర్సరీ ఆయన దగ్గరికి నన్ను లాక్కుపోయింది. ఇరవై అయిదు బత్తాయి అంటుమొక్కలు. నేను బేరానికి దిగాను. బేరమంటే నాకు పూనకం వస్తుంది, చుట్టూ ఏం జరుగుతోందో పట్టదు. పాపం ఆయన ఒక పక్క నాతో వేగుతూ ఇంకో పక్క అమ్మకి జాగ్రత్తలు చెప్తున్నాడు.

"ఇదిగో అమ్మా, అంటు కట్టిన ముడి కనబడుతోందా? ఆ ముడికి కింద దొంగ కొమ్మలొస్తాయండీ. వాటిని ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. నీళ్ళు నిలవనివ్వకండి. అంతేనండీ, ఇంకేం లేదు."

ఆ ముడి మాట నాకు బేరం గోలలో చెవిన పడలేదు. అమ్మకి అదే సమయానికి వెనకనుంచి వచ్చిన బస్సు హారన్లో కొట్టుకుపోయింది. ఆ కొమ్మల గురించి ఇద్దరి చెవుల్లోనూ కలిపి మిగిలింది ఇంతే: దొంగ కొమ్మలొస్తాయి, గిల్లెయ్యాలి.

ఇరవై అయిదు మొక్కల్తో బస్సెక్కడం ఒక పండగ. టాపు మీద వేస్తే గాలికి ఆకులు రాలిపోతాయని అమ్మ ఒప్పుకోలేదు. కండక్టరు అరిచాడు, నేను అంతకు రెండింతలు అరిచాను. చివరికి సీట్లలో ఉన్నవాళ్ళు తలా ఒక మొక్క ఒళ్ళో పెట్టుకున్నారు. ఎవరు దిగినా తన మొక్కని ఎక్కినవాళ్ళకి అప్పజెప్పి దిగాలి. ఎక్కినవాళ్ళు టికెట్టు కన్నా ముందు మొక్క పుచ్చుకున్నారు. చల్లపల్లిలో ఒకాయన పరధ్యానంగా మొక్కతో సహా దిగి టీకొట్టు దాకా వెళ్ళిపోయాడు. బస్సు బస్సంతా కిటికీల్లోంచి "మొక్కండీ! మొక్క!" అని కేకలు. ఆయన పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి అందించాడు. పులిగడ్డ దాటి దివిసీమలో అడుగుపెట్టేసరికి ఆ బస్సులో అందరికీ అమ్మ బత్తాయిల కథ తెలుసు, నాన్న పందెం తెలుసు. కండక్టరు కూడా అమ్మ పక్షానికి మారిపోయాడు.

మొక్కలు నాటాం. నీళ్ళు నిలవకూడదన్న మాట మాత్రం మాకు చక్కగా అర్థమైంది, ఒక్కో మొక్కకీ మట్టి ఎగదోసి దిబ్బ కట్టాం. ఇక దొంగ కొమ్మల కోసం కాపలా మొదలైంది. నాకు బందరులో బీఎడ్ సీటు వచ్చేదాకా ఇంట్లోనే ఉన్నాను. రోజూ పొద్దున్నే అమ్మా నేనూ ఒక్కో మొక్క చుట్టూ వంగి, దొంగ ఎక్కడున్నాడా అని వెతికేవాళ్ళం. దొంగంటే ఎలా ఉంటాడు? బక్కపల్చగా, పాలిపోయి, తప్పు చేసినట్టు ఓ పక్కకి ఒరిగి ఉంటాడని అమ్మ ఊహ. పైన అచ్చం అలాంటి కొమ్మలే కనబడ్డాయి. "ఇదిగో, వీడే!" అని గిల్లేసేది. నేను "ఇక్కడ ఇంకోడు!" అని కేకేసేదాన్ని. ఒక్క దొంగని కూడా వదల్లేదు, అంత నిక్కచ్చిగా గిల్లాం.

ఇంతలో మొదళ్ళ దగ్గర కొత్తగా ఏవో లేచాయి. నిగనిగలాడే ఆకులు, బొటనవేలంత బలం, నిటారుగా నిలబడ్డాయి. అమ్మ వాటిని చూసి రెండు చేతులూ జోడించింది.

"పిలకలేశాయే!"

వరి పండించే ఇంట్లో పుట్టినవాళ్ళకి పిలక అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో ఎలా చెప్పను? ఒక్క మొలక నాటితే మొదట్లోంచి పిలకలు లేచి దుబ్బు కట్టాలి. దుబ్బుకెన్ని పిలకలన్నదే మా ఊళ్ళో రైతు పరువు. పిలకల్ని గిల్లడమన్న ఊహ ఎవరికీ కలలో కూడా రాదు. నర్సరీ ఆయన దొంగ కొమ్మలన్నాడు, మాకు కనబడ్డవి పిలకలు. రెండూ ఒకటేనని అమ్మకి తెలీదు. తొమ్మిది మార్కుల బాటనీ పండితురాలికి అసలే తెలీదు.

చాలా కాలం తర్వాత నేను ఓ పండు పట్టుకుని అదే నర్సరీ ఆయనతో దెబ్బలాటకి వెళ్తే, ఆయన పండు చూసి కుర్చీలోంచి పడిపోయేంత నవ్వి అప్పుడు విప్పి చెప్పాడు. బత్తాయిని రంగపూర్ నిమ్మ అనే మొక్క వేరు మీద అంటు కడతారు. ముడికి పైనున్నదే బత్తాయి. కిందనుంచి లేచేది ఆ నిమ్మ. మేము పైన బత్తాయిని దొంగనుకుని గిల్లేసి, కింద నిమ్మని బిడ్డలా పెంచాం. రంగపూర్ నిమ్మ కాయ పండితే చూడ్డానికి అచ్చం కమలాపండే. అదే రంగు, అదే వదులు తొక్క, అవే తొనలు. లోపల మాత్రం పచ్చి పులుపు.

ఇదేమీ తెలీని రోజులు కాబట్టి మా ఆనందానికి అంతు లేదు. మెరక వైపు చూడనని ఒట్టు పెట్టుకున్న నాన్న, ఓ సాయంత్రం చేనుకెళ్ళి వస్తూ దడి దగ్గర ఆగాడు. పిలక కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేని చెయ్యి ఆయనది. వంగి వేలుతో ఒక్కొక్కటీ తాకుతూ, "ఏడు," అన్నాడు. పక్క మొక్క దగ్గరికెళ్ళి, "తొమ్మిది!" అన్నాడు. గొంతులో సంతోషం దాగలేదు. నేను చూస్తున్నానని గమనించి, "పిలకలెయ్యగానే సరా, గింజ పట్టొద్దూ?" అని గదమాయించి వెళ్ళిపోయాడు. బత్తాయికి గింజ పట్టడమేమిటో ఆయనకే తెలియాలి.

మొక్కలు పోటీలు పడి పెరిగాయి. ముళ్ళు కూడా వచ్చాయి, అమ్మ చీరల్లో చిరగనిది లేదు. రెండో ఏడు దాటాక పూత వచ్చింది. ఆ వాసనకి హంసలదీవి నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు గంప దించి, మెరక గట్టున కాసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళు. "మా ఒంటికి పట్టిన నీచు వాసనంతా ఇక్కడ పోద్దండీ," అనేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ పాలకాయతిప్ప నుంచి ఓ బస్తా ఇసక మోయించుకొచ్చి మొక్కల మొదళ్ళలో పోసింది, అది మంచిదని ఆవిడకి ఎవరు చెప్పారో. అమ్మ బదులుగా గోంగూర ఇచ్చింది.

కాయలు దిగాయి. మూడో ఏడు పుష్యమాసంలో ఆకుపచ్చ కాయలు పసుపెక్కి, పసుపు ఎర్రబడి, మెరకంతా కుంకుమ రంగు తిరిగింది. అమ్మ వాటిని చూసి ఓ రోజంతా ఆలోచనలో పడింది.

"బత్తాయి ఇంత ఎర్రగా ఉండదు కదే?"

"ఉండదు," అన్నాను. "ఇవి కమలాలమ్మా!"

"అయ్యో, పాపం! పొరపాటున కమలా మొక్కలిచ్చేశాడే! బత్తాయి ధరకే! ఎంత నష్టపోయాడో ఏమో. నువ్వేమో ఆ కాస్తకీ బేరం చేసి పీక్కుతిన్నావు," అని నన్ను తిట్టింది. ఆయనకి ఓ బుట్ట పళ్ళు పంపించాలని అప్పుడే లెక్కేసుకుంది. నాకు కూడా ఆయన మీద జాలేసింది. మా అదృష్టానికి మేమిద్దరం మెరక మధ్యలో చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం. అమ్మకి అప్పటికి నలభై ఆరు.

తొలికాపు దేవుడికి పెట్టకుండా ఇంట్లోవాళ్ళు నోట్లో వేసుకోకూడదు. ఇది మా వైపు గట్టి పట్టింపు. ఎన్నిసార్లు నా చెయ్యి కొమ్మ మీదికెళ్ళిందో అన్నిసార్లు అమ్మ చూపు నా మీద పడింది. మాఘమాసం ఆదివారాల్లో మేము సూర్యుడికి ఎదురుగా వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెడతాం. సూర్యుడి రంగు పండు సూర్యుడికే మొదట అని అమ్మ నిర్ణయించింది. రెండో ఆదివారానికి వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచింది. నాన్న మరో పని చేశాడు. మూడేళ్ళ గడువు ఆ నెలతో తీరిపోతుంది కదా, అదే ఆదివారానికి లీజు ఆయన్ని కూడా రమ్మన్నాడు. ఏదైనా ముఖాముఖి తేలిపోవాలని ఆయన పద్ధతి.

ఆ పొద్దున నేను అంత సంతోషంగా ఎప్పుడైనా ఉన్నానా అంటే చెప్పలేను. పాలు పొంగాయి. పరమాన్నం పక్కన తొలి పండు పెట్టి అమ్మ దణ్ణం పెట్టుకుంది. లీజు ఆయన అరుగు మీద కొలత టేపు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ బుట్టలోంచి పండు తీసి గోరు తాకించిందో లేదో, తొక్క చక్కగా ఊడొచ్చింది. అందరూ "అబ్బా!" అన్నారు. వాసన వాకిలంతా పరుచుకుంది. అందరికీ తొనలు పంచింది. లీజు ఆయనకీ ఇచ్చింది. "ఊఁ, తినండమ్మా, అందరూ ఒక్కసారే తినండి," అంది.

అందరూ ఒక్కసారే తిన్నారు.

వాకిట్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళకి ఒకే క్షణంలో కుడి కన్ను మూసుకుపోయింది. బోసినోటి పెద్దావిడ ఒకరు కూర్చున్న పీట మీదనుంచి జానెడు ఎత్తు లేచారు. ఒకావిడ పమిట నోట్లో కుక్కుకుంది, ఒకావిడ పరమాన్నం గిన్నె మీద పడింది. నా దవడలు రెండూ దగ్గరికొచ్చి అతుక్కుపోయాయి, చెవుల్లో ఏదో మోగింది. అరుగు మీద లీజు ఆయన తుపుక్కున వీధిలోకి ఉమ్మేశాడు. మొదట ఎవరు నవ్వారో గుర్తు లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని పొట్టలు పట్టుకుని, దొర్లి దొర్లి నవ్వాం. కళ్ళ నీళ్ళు పులుపు వల్లో నవ్వు వల్లో తెలీలేదు.

అమ్మ అందరికన్నా ఆఖర్న తింది. ఆవిడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అరుగు మీద టేపు వైపు చూసింది, నవ్వు ఆగిపోయింది. మూడేళ్ళు రోజూ బిందెలు మోసిన మనిషి. పొద్దున్నే నాకన్నా ముందు లేచి, మొక్కల్ని పేరుపేరునా పలకరించిన మనిషి. పైట చెంగుతో చెయ్యి తుడుచుకుని నాన్నతో అంది:

"కాయితం తెమ్మనండి."

నవ్వులన్నీ ఆగాయి. లీజు ఆయన చొక్కా జేబులోంచి కాగితం తియ్యబోయాడు. నాన్న స్తంభం దగ్గర్నుంచి కదిలి, మెట్లు దిగి, బుట్టలోంచి ఓ పండు తీసుకున్నాడు. తొక్క ఒలిచాడు. ఒక తొన నోట్లో పెట్టుకుని నమిలాడు. మింగాడు. ఇంకో తొన పెట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, మెడ నరం ఒకటి ఉబ్బింది, మొహంలో మాత్రం ఒక్క గీత కదల్లేదు. పండు మొత్తం గింజలతో సహా తిన్నాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు.

లీజు ఆయన నోరు తెరిచాడు. "ఏంటండీ తియ్యగా ఉండేది? చింతకాయ నయం కదండీ!"

"తియ్యగా ఉందయ్యా. నీకే నోరు బాలేదు."

"ఇంతమందీ..."

"నా నోట్లో పడాలన్నది పందెం. నా నోట్లో పడింది. తియ్యగా ఉంది. నువ్వింక వెళ్ళొచ్చు."

ఉప్పు తక్కువైన పప్పుని పెళ్ళికొడుకు తండ్రి ఎదురుగా కూడా క్షమించని మా నాన్న! నాకు ఏడుపొచ్చేసింది, నవ్వు కూడా ఆగలేదు. లీజు ఆయన టేపు చుట్టుకుని, గొణుక్కుంటూ వెళ్ళి బండి మీద కూర్చున్నాడు. కిక్కు కొట్టాడు. బండి స్టార్ట్ కాలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కాలేదు. అక్కడ్నుంచి మా వైపే చూస్తున్నాడు. అమ్మ నాన్న పక్కకొచ్చి నిలబడి, పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటూ మెల్లిగా అడిగింది:

"ఏవండీ, ఇంకోటి ఒలవనా?"

నాన్న వీధి వైపు చూశాడు. అవతల కిక్కు మీద కిక్కు.

"ఒలువు," అన్నాడు.

అమ్మ ఒలిచి ఇచ్చింది. ఆయన తిన్నాడు. బండి దగ్గింది, ఆగింది. మూడోది కూడా ఒలవాల్సొచ్చింది. ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టి ఒకసారి బండినీ ఒకసారి నాన్ననీ చూస్తున్నారు. మూడో పండు సగంలో ఉండగా బండి భగ్గున అందుకుని, పొగ వదిలి వీధి మలుపు తిరిగింది. వాకిలంతా మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. ఇక ఎవరి కోసమూ తినక్కర్లేదు, నాన్న చేతిలో ఇంకా రెండు తొనలున్నాయి. ఆయన వాటిని పారెయ్యలేదు. అమ్మ మొహం వంక చూస్తూ ఒకటి తర్వాత ఒకటి నోట్లో వేసుకుని, మింగి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"రేపు ఆ మెరకకి దడి గట్టిగా కట్టించాలి," అన్నాడు. "ఇలాంటి పళ్ళు, ఊరికే వదిలేస్తే ఎవరన్నా కోసుకుపోతారు."